వ్యాను తాళంతో చెప్పిన చావు కబురు

మా తైద్ పోయిన మూడు వారాలకి ఆయన పెంచిన తేనెటీగలు మా పెరడు వదిలిపెట్టి కాన్వీ కోటలోకి వెళ్ళిపోయాయి.

మా భాషలో తైద్ అంటే తాతయ్య, మా అమ్మవాళ్ళ నాన్న. పేరు ఎమ్రిస్. మా ఊళ్ళో ఒకే పేరు పదిమందికి ఉంటుంది, అందుకని పేరుకి పని తగిలిస్తారు. ఆయన తేనెటీగల ఎమ్రిస్. నేను తేనెటీగల ఎమ్రిస్ మనవరాలు మారెద్‌ని. తేనెటీగ చప్పుడు వింటే చాలు కిటికీ మూసేసే నాకు ఆ పేరు ఎలా నప్పుతుందో దేవుడికే తెలియాలి.

ముందు ఇంత భయం ఉండేది కాదు. పోయిన వేసవిలో మా అమ్మాయి బెకాని ఒకటి కనురెప్ప మీద కుట్టింది. అప్పటికి దానికి రెండేళ్ళు. కన్ను మొత్తం మూసుకుపోయింది. డాక్టరు నవ్వి, ఏమీ కాదమ్మా అన్నాడు. రెండు రోజుల్లో తగ్గింది కూడా. కానీ ఆ తర్వాత నేను పెరట్లో బట్టల తాడు దాటి అడుగు వేయలేదు. తాడుకి ఇవతల మేం, అవతల ఊరి పాత ప్రహరీగోడ కింద తైద్ తేనెపెట్టె. పిల్ల మెట్లెక్కినా నాకు భయమే, దగ్గినా భయమే. బెకాకి ద్రాక్షపండుని నాలుగు ముక్కలు చేసి పెడతాను. "ఇంకొంచెం కోస్తే గ్లాసులో పోసి ఇవ్వచ్చు" అంటాడు మా ఆయన క్రెయిగ్.

మేముండేది తైద్ ఇంట్లోనే. పై రెండు గదులూ ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఇస్తాం. నాకు పదిహేనేళ్ళప్పుడు అమ్మమ్మకి, అంటే మా నైన్‌కి, తుంటి ఆపరేషన్ అయింది. దుప్పట్లు మార్చడానికి, పొద్దున్నే గుడ్లు వేయించడానికి మనిషి లేక నెల రోజులు బడి మానేశాను. ఆ నెల అలా సాగి సాగి ఇవాళ్టికీ అవలేదు.

దిగినవాళ్ళందరికీ నైన్ ఒక పటం గీసి ఇచ్చేది. నలభై ఏళ్ళుగా అదే పటం, పెన్సిలుతో. రేవు దగ్గరున్న బుల్లి ఎర్ర ఇల్లు, గొలుసుల వంతెన, నడవడానికి గోడ ఎక్కే చోటు, వానొస్తే టీ తాగే చోటు. మధ్యలో కోట, ఎనిమిది సున్నాలు చుట్టి ఎనిమిది బురుజులు. "లోపలికి వెళ్ళగానే ఎడమ పక్క విందుశాల. తప్పకుండా చూడండి" అని వేలితో చూపించేది. ఆ మాట ఎంత ధీమాగా చెప్పేదంటే, ఆవిడ డెబ్బై తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఆ కోటలో కాలు పెట్టలేదని ఎవరూ అనుకోరు.

"మనల్ని బయట ఉంచడానికి ఆ ఇంగ్లీషు రాజు కట్టుకున్న గోడ అది. ఇప్పుడు లోపలికి రమ్మని టికెట్టు అడుగుతారా? నేను వెళ్ళను" అనేది.

తైద్ పోయాక నైన్ పటం గీయడం మానేసింది. అవసరమైతే తప్ప వంటింటి కుర్చీలోంచి లేవడం మానేసింది. ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. గుడ్లు తెచ్చే ఆయన వచ్చి "ఎమ్రిస్ ఉన్నాడా?" అని అలవాటు కొద్దీ అడిగి నాలుక్కరుచుకుంటే, నైన్ "ఇప్పుడు ఇంట్లో లేడు" అంది. పోస్టులో ఆయన పేర ఏదో వస్తే "వచ్చాక ఇస్తాలే" అని అలమారలో పెట్టింది. రాత్రి బల్ల మీద తనకీ ఆయనకీ రెండు కప్పులు పెట్టేది. నేను ఒకటి తీసేస్తే మర్నాడు మళ్ళీ రెండు పెట్టేది. మూడు వారాల్లో ఆవిడ గౌను నడుం దగ్గర వదులైపోయింది.

ఆ మంగళవారం పొద్దున్న నేను దుప్పట్లు ఆరేస్తుంటే గోడ కింద హోరు మొదలైంది. పెట్టెలోంచి తేనెటీగలు నీళ్ళు కారినట్టు కారి పైకి లేచాయి. బెకాని చంకనేసుకుని లోపలికి పరిగెత్తి తలుపు గడియ పెట్టాను. కిటికీ అద్దంలోంచి చూస్తే ఒక గోధుమరంగు మబ్బు గోడ దాటి, ఇళ్ళ కప్పుల మీదుగా వెళ్ళిపోయింది.

"ఏమిటది?" అంది నైన్ కుర్చీలోంచి.

"ఏం లేదు నైన్. గాలి" అన్నాను.

అబద్ధం గంటసేపు నిలిచింది. పన్నెండింటికి పై గదుల్లో దిగిన యార్క్‌షైర్ అక్కచెల్లెళ్ళు కోట చూసి తిరిగొచ్చారు.

"బాగుందండీ కోట. కానీ విందుశాల ఎడమ పక్కన లేదు, కుడి పక్కనుంది" అంది పెద్దావిడ. నాలుగు నెలల కిందట మొదటిసారి దిగినప్పుడు నైన్ ఇచ్చిన పటమే ఆవిడ చేతిలో ఉంది.

"తేనెటీగల మాట చెప్పవే" అంది చిన్నావిడ. "బావి దగ్గర ఒక పలక ఉంది కదా, దాని మీద రాజుగారి బొమ్మ. ఆయన మొహం మొత్తం తేనెటీగలే! తాడు కట్టేసి ఎవర్నీ దగ్గరికి రానివ్వట్లేదు. నది అవతల నుంచి ఎవరో పెంపకందారు వస్తున్నాడట, పెట్టెలో పెట్టి తీసుకెళ్ళడానికి."

నైన్ తల తిప్పి నన్ను చూసింది. నేను స్టవ్ తుడవడం మొదలుపెట్టాను.

"అవతల నుంచా? అంటే హైదెన్."

హైదెన్ రోలాండ్స్‌ది నది అవతలున్న డెగాన్వీ. ప్రతి సెప్టెంబరు తేనె సంతలో మా తైద్ బల్లకి ఎదురుగా బల్ల వేసేవాడు. ముప్ఫై ఏళ్ళు ఇద్దరూ వీధికి అటూ ఇటూ నిలబడి ఒకరి తేనెని ఒకరు తిట్టుకుంటూ అమ్ముకున్నారు. వెళ్ళిపోయిన గుంపు ఎవరి బుట్టలో పడితే వాళ్ళదే. ఇది మా దగ్గర అందరూ ఒప్పుకున్న మాట.

"ఎమ్రిస్ రాణి ఈగ హైదెన్ ఇంటికా?" నైన్ రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. "అసలెందుకు వెళ్ళాయి? చెప్పాం కదా వాటికి. చెప్పారు కదా? క్రెయిగ్!"

క్రెయిగ్ రేవులో పడవకి రంగు వేసి అప్పుడే అన్నానికి వచ్చాడు. ఆల్చిప్పలు పట్టే కాలం కాదు కాబట్టి వేసవంతా వాళ్ళకి రంగులే పని. మోచేతి దాకా నీలం రంగుతో గుమ్మంలో ఆగిపోయాడు.

ఇంటి యజమాని పోతే తేనెటీగలకి కబురు చెప్పాలి. ఇంటి తాళంచెవితో పెట్టె మీద మూడుసార్లు తట్టి, ఫలానా మనిషి పోయాడు, ఇకనుంచి మేం చూసుకుంటాం అనాలి. చెప్పకపోతే అవి అలిగి వెళ్ళిపోతాయి. అంత్యక్రియల రోజు నైన్ ఆ పని చేయలేకపోయింది. నేను తాడు దాటలేకపోయాను. క్రెయిగ్‌ని పంపాం.

"చెప్పాను నైన్. మూడుసార్లు తట్టి మరీ చెప్పాను."

"ఏ తాళంతో?"

క్రెయిగ్ నా వంక చూశాడు. నేను బెకా వంక చూశాను.

"వ్యాను తాళంతో."

"వ్యాను తాళంతోనా!"

"ఇంటి తాళం నీ గౌను జేబులో ఉంది నైన్. ఆ రోజు నిన్ను అడగడమెందుకని..."

"సరే. ఏ భాషలో చెప్పావు?"

క్రెయిగ్‌ది బర్కెన్‌హెడ్, ఇంగ్లీషువాళ్ళ ఊరు. నన్ను చేసుకున్నాక మా భాష నేర్చుకుంటున్నాడు. దుకాణంలో బాగానే మాట్లాడతాడు కానీ కంగారు పడితే ఇంగ్లీషులో పడిపోతాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంగ్లీషులో."

"అరవై ఏళ్ళు!" అంది నైన్. "అరవై ఏళ్ళలో ఆ మనిషి వాటితో ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. మరి వాటికేం అర్థమవుతుంది? ఎవడో వచ్చి, ఇనప ముక్కతో తలుపు బాది, ఇంగ్లీషులో ఏదో అరిచి పోయాడు. ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడేమో అనుకున్నాయి. పోయి పోయి ఇంగ్లీషు రాజు కోటలోనే దిగాయి!"

యార్క్‌షైర్ చిన్నావిడకి మా మాటలేవీ అర్థం కాకపోయినా క్రెయిగ్ మొహం చూసి నవ్వాపుకుంటోంది.

కానీ అసలు సంగతి నాకు తెలుసు. తప్పు క్రెయిగ్‌ది కాదు. మే నెలలో తైద్ మంచం మీదుండి నాతో చెప్పాడు: "తల్లీ, ముళ్ళచెట్ల పూలు రాలేలోగా పెట్టె మీద పై అర పెట్టు. లేకపోతే చోటు చాలక లేచిపోతాయి." మర్నాడు "పెట్టావా?" అని అడిగితే "పెట్టాను తైద్" అన్నాను. పెట్టలేదు. ఆ అర ఇంకా కొట్టు గదిలోనే ఉంది. ఆయన "మంచి పిల్లవి" అని కళ్ళు మూసుకున్నాడు. అది ఆయన నాతో అన్న చివరి మాటల్లో ఒకటి.

నైన్ లేచింది. మూడు వారాల తర్వాత కుర్చీ వదిలి, కోటు తొడుక్కుని, జేబులో తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకుంది.

"గుంపు ఎక్కువసేపు ఆగదు. జాడ తీసే ఈగలు ఈపాటికి గోడలో కన్నం వెతుకుతుంటాయి. పదిహేను అడుగుల మందం గోడ. అందులో దూరాయంటే దేవుడు కూడా తియ్యలేడు. బుట్ట తీయండి."

క్రెయిగ్ కొట్టు గదిలోంచి తైద్ గడ్డిబుట్ట, తెల్ల దుప్పటి, వల టోపీ తెచ్చి టోపీ తను పెట్టుకోబోయాడు. నైన్ అతని తల మీంచి తీసి నా చేతిలో పెట్టింది.

"నీ మాట ఒకసారి విన్నాయి, చాలు. నా చేతులు వణుకుతాయి. గుంపుని మారెద్ పట్టుకుంటుంది."

"నేనా?" అన్నాను. "బెకా..."

"బెకాని వాడు ఎత్తుకుంటాడు. తండ్రేగా, తేలేమీ కాదుగా."

వీధి పొడుగునా వెనక్కి తిరిగిపోవడానికి వంద కారణాలు తోచాయి. కానీ ముందు ఆ వంగిన నడుము, కర్ర టకటకమనిపిస్తూ, రొట్టెల కొట్టు దాటి, బ్యాంకు దాటి, ఎవరు పలకరించినా ఆగకుండా పోతోంది. ఆ బుట్ట ఖాళీగా తిరిగొస్తే నైన్ మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఇంకోసారి లేవదు. ఇది మాత్రం నాకు స్పష్టంగా తెలుసు.

కోట టికెట్ల దగ్గర ఎలేరి ఉంది. నాతో కలిసి చదివిన పిల్ల. నైన్‌ని చూసి నోరు తెరిచింది.

"మీరా! కోటకా!"

"నా తేనెటీగలు టికెట్టు కొన్నాయా?" అంది నైన్.

"లేదండీ..."

"మరి నన్నెందుకు అడుగుతావు? పక్కకి జరుగు."

"నేనేం అడగలేదు కదండీ" అంటూ ఎలేరి తలుపు తీసి పట్టుకుంది. నాతో మెల్లగా, "హైదెన్ వంతెన దగ్గర కార్ల బారులో ఇరుక్కున్నాడట. తొందరగా కానియ్యి" అంది.

బావి దగ్గర తాడు వెనక జనం నిలబడి ఫోటోలు తీస్తున్నారు. పలక మీద రాజుకి కిరీటం మాత్రమే కనబడుతోంది. కిరీటం కింద, మొహం ఉండాల్సిన చోట, తేనెటీగల ముద్ద మంచి గొర్రెతొడ అంత వేలాడుతోంది.

"రాజుకి గడ్డం" అంది బెకా.

జనం నవ్వారు. నేను నవ్వలేదు. గోడలో ఒక పగులు దగ్గర పదీ పదిహేను ఈగలు లోపలికి వెళ్తూ బయటికి వస్తున్నాయి. ఇల్లు కుదుర్చుకుంటున్నాయి.

అప్పుడే వెనక నుంచి తెల్ల బట్టల్లో, చేతిలో పెట్టెతో, ఒగరుస్తూ హైదెన్ వచ్చాడు.

"ఓహో, వచ్చేశారూ? నేను అక్కడ వంతెన మీద గంటసేపు..." అని మొదలుపెట్టి నైన్‌ని చూసి ఆగాడు. నైన్ తాడు కిందనుంచి వంగి అవతలికి వెళ్ళింది. టోపీ లేదు, ఏమీ లేదు.

ఆవిడ జేబులోంచి ఇంటి తాళంచెవి తీసింది. పలక అంచు మీద మూడుసార్లు తట్టింది. మెల్లగా, పక్కింటివాళ్ళ తలుపు తట్టినట్టు.

"నేను, గ్వెన్‌వర్‌ని" అంది మా భాషలో. ముద్ద కదులుతూ మెరుస్తోంది. ఫోటోలు తీసేవాళ్ళు ఎందుకో ఫోన్లు దించారు. భాష తెలియని వాళ్ళకి కూడా ఏదో తెలిసినట్టుంది.

"ఎమ్రిస్ చచ్చిపోయాడు" అంది నైన్. "మూడు వారాలైంది. నిద్రలో పోయాడు, బాధ పడలేదు. నేను పక్కనే ఉన్నాను, నాకు కూడా తెలియలేదు. పొద్దున్న టీ తెచ్చి పిలిచాను." ఊపిరి పీల్చుకుంది. "మీకు ముందే చెప్పాల్సింది. నాకు చేతకాలేదు. ఇకనుంచి మిమ్మల్ని మారెద్ చూసుకుంటుంది. దానికి మీరంటే భయం. కొంచెం చూసుకుని మసలండి. ఇంటికి రండి."

హైదెన్ తల మీది టోపీ తీసేశాడు. పెట్టె కింద పెట్టాడు.

"మారెద్," అన్నాడు నా పక్కకొచ్చి, "బుట్ట సరిగ్గా ముద్ద కిందకి పట్టు. పలకని నేను కొడతాను. ఒక్కటే దెబ్బ. బరువుగా పడతాయి, వదిలెయ్యకు. కడుపు నిండా తేనె తాగి ఉన్నాయి, ఇప్పుడు కుట్టవు."

"ఖాయంగా కుట్టవా?"

"ఒకటో రెండో కుడితే కుడతాయి. నేను దేవుణ్ణా?"

బుట్ట కిందకి పట్టాను. నా చేతుల మీద ఆ వేడి తెలిసింది. తేనెటీగలకి వేడి ఉంటుందని అంతవరకూ నాకు తెలియదు. అంతకంటే విచిత్రం వాసన. తైద్ కోటు వాసన అది, మైనం, పొగ, కొండ మీద పూలు కలిసి. జలుబు చేసినప్పుడు నన్ను ఆ కోటులో చుట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు.

హైదెన్ పలక మీద అరచేత్తో ఒక్కటి కొట్టాడు. ముద్ద మొత్తం దబ్బున బుట్టలో పడింది, నీళ్ళలో తడిపిన తువ్వాలు పడ్డట్టు. చేతులు ఒక్కసారి కిందికి జారాయి. వదల్లేదు. ఒకటి మణికట్టు మీద కుట్టింది. అయినా వదల్లేదు.

పరిచిన దుప్పటి మీద బుట్ట బోర్లించి, అంచు కింద చిన్న రాయి పెట్టాం. ఒక నిమిషం ఏమీ జరగలేదు. తర్వాత బయట మిగిలినవి దుప్పటి మీద వాలి, తోకలు పైకెత్తి, వరసగా బుట్టలోకి నడవడం మొదలుపెట్టాయి. గోడ పగుల్లోకి వెళ్ళినవి కూడా.

"రాణి లోపలుంది" అన్నాడు హైదెన్. "పోయాక కూడా నా మీద గెలిచాడు ముసలాడు. అసలు వీటికి చోటు చాలక వచ్చుంటాయి. పై అర ఎవరూ పెట్టలేదా?"

నేను మణికట్టు నొక్కుకుంటూ నేల చూశాను.

"చోటు కాదు" అంది నైన్ గట్టిగా. "వ్యాను తాళం. నీకు తెలియని విషయాల్లో వేలు పెట్టకు హైదెన్."

అన్నీ లోపలికి చేరేదాకా బుట్ట కదపకూడదు. కోట ఆరింటికి మూస్తారు. అప్పటికి ఇంకా నాలుగు గంటలకి పైనే ఉంది. హైదెన్ కాపలా కూర్చుంటానన్నాడు. నైన్ చుట్టూ చూసింది.

"ఎలాగూ వచ్చాను. అదేనా విందుశాల?"

"అదే నైన్."

"నిజంగానే కుడి పక్కనుందే! నలభై ఏళ్ళు అందరినీ ఎడమకి తోలాను." ఆవిడ పెదాలు ఒక పక్కకి వంగాయి. "ఇవాళ్టిదాకా ఎవరూ వచ్చి చెప్పలేదు చూశావా? అంత మర్యాదస్తులు."

బురుజు ఎక్కుతానంది. మెలికలు తిరిగిన రాతిమెట్లు, పట్టుకోడానికి ఒక తాడు. పడితే నా మీదే పడుతుందిలే అని వెనకే ఎక్కాను. మూడు చోట్ల ఆగింది. ప్రతిచోటా "ఆ రాజు కూడా ఇక్కడ ఆయాసపడే ఉంటాడు" అంది.

పైన గాలి కొట్టింది. కింద గొలుసుల వంతెన, రేవులో తలకిందులుగా బోర్లించిన పడవలు, అందులో ఒకటి సగం నీలం. అటు కొండ మీద ఎండ. నైన్ అవేవీ చూడలేదు. ఊరిగోడ వెంబడి వేలితో ఇల్లిల్లూ లెక్కపెట్టుకుంటూ వచ్చి మా పెరటి దగ్గర ఆగింది. తాడు మీద నేను ఆరేసిన దుప్పట్లు, వాటి పక్కన నైన్ పెద్ద తెల్ల లోదుస్తులు గాలికి ఉబ్బి తెరచాపల్లా ఉన్నాయి.

"అవి ఇక్కడికి కనబడతాయా!"

"చాలా బాగా కనబడుతున్నాయి నైన్."

"నలభై ఏళ్ళుగా! ప్రపంచం నలుమూలల నుంచి వచ్చి, డబ్బులిచ్చి, మెట్లెక్కి..." అంటూ రాతిగోడకి ఆనుకుని నవ్వింది. నవ్వుతుండగానే ఏడుపు వచ్చింది. నేను భుజం పట్టుకున్నాను. చాలాసేపు ఏడ్చింది. పక్కనున్న ఎవరో కుటుంబం మొహాలు నది వైపు తిప్పుకున్నారు.

ఆవిడ ముక్కు తుడుచుకున్నాక చెప్పేశాను. "నైన్, నేను పై అర పెట్టలేదు. తైద్‌తో పెట్టానని అబద్ధం చెప్పాను."

"తెలుసు."

"తెలుసా?"

"వంటింటి కిటికీ ఎందుకుంది? ఆ అర చంకలో పెట్టుకుని తాడు దాకా వెళ్ళావు, వెనక్కొచ్చావు. మళ్ళీ వెళ్ళావు. మూడుసార్లు. ఆయనకి కూడా చెప్పాను."

"తైద్‌కా? ఏమన్నాడు?"

"నాలుగోసారి దాటుతుందిలే అన్నాడు."

ఆరింటికి దుప్పటి నాలుగు కొసలూ కలిపి ముడివేసి బుట్ట నేనే ఎత్తుకున్నాను. క్రెయిగ్ తీసుకుంటానన్నా ఇవ్వలేదు. వీధి పొడుగునా అది నా గుండెకి ఆనుకుని, పాలు తాగి పడుకున్న పసిపిల్లలా గుర్రుమంటూనే ఉంది. బెకా క్రెయిగ్ భుజాల మీద కూర్చుని కనబడిన ప్రతివాడికీ "మా అమ్మ రాజు గడ్డం ఎత్తుకెళ్తోంది" అని చెప్పింది.

గుమ్మంలో గుడ్లాయన నిలబడి ఉన్నాడు, బుట్టతో. మమ్మల్ని చూసి, పాత అలవాటే, "ఎమ్రి..." అని ఆగిపోయాడు.

"ఎమ్రిస్ చచ్చిపోయాడు" అంది నైన్ కోటు విప్పుకుంటూ. "గుడ్లు డజను చాలు, ఎప్పుడూ ఇచ్చేదాంట్లో ఆరు తగ్గించు. తేనె కావాలంటే ఇకనుంచి మారెద్‌ని అడుగు. ఇప్పుడు కాదు, దానికి పనుంది."

నేను బుట్టతో పెరట్లోకి వెళ్ళాను. కొట్టు గదిలోంచి పై అర కూడా తెచ్చి చంకలో పెట్టుకున్నాను. వంటింటి కిటికీలో నైన్ నిలబడి చూస్తోంది, చేతిలో పెన్సిలు ఉంది. దుప్పట్లు భుజంతో పక్కకి జరిపి, తాడు కిందనుంచి వంగి, గోడ దగ్గరికి నడిచాను.